గ్రాండ్ గారి కొట్లో పచ్చి వైన్

పెళ్ళయి ఐర్లండులో కిల్కెన్నీ అనే ఊళ్ళో కొత్తకాపరం పెట్టిన ఆ రోజుల్లో నేను అబద్ధాలాడేదాన్నని మాత్రం అనుకోకండి. అడగని నిజాలు చెప్పేదాన్ని కాదు, అంతే. పాతికేళ్ళ వయసులో ఈ రెండింటికీ మధ్య బోలెడంత దూరం ఉన్నట్టు కనిపించేది. ఇప్పుడు చూస్తే అవి ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు (ఈ దేశంలో సెమీ డిటాచ్డ్ అంటారే, అలాంటివన్నమాట). ఒక ఇంట్లో తుమ్మితే రెండో ఇంట్లో వినిపిస్తుంది. అది తెలుసుకోవడానికి నాకు ఒక వైన్ కొట్టు, ఒక జగ్గు, ఇరవైమంది మనుషులు కావలసివచ్చారు.

మావారు అక్కడి జనరల్ ఆస్పత్రిలో డాక్టరు. డ్యూటీకి వెళ్ళడమే తెలుసు కాని ఎప్పుడొస్తారో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. నేనేమో కాకినాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ల్యాబులో సీసాల మీద చీటీలు లేకపోయినా వాసన చూసి ఏది ఏమిటో చెప్పేస్తానని పేరు తెచ్చుకున్నదాన్ని. ఈ విద్య చదువు వల్ల రాలేదు. మా అమ్మమ్మ దేవుడికి నైవేద్యం వండేటప్పుడు రుచి చూడకూడదు కాబట్టి, పులుసు గిన్నె మీద మూత తీసి, ఆవిరి ఒక్కసారి పీల్చి, "ఇంకో చిటికెడు ఉప్పు పడాలే" అనేది. ఎప్పుడూ తప్పలేదు. ఆ ముక్కు మా అమ్మని దాటుకుని తిన్నగా నాకొచ్చింది. ఇక వైన్ సంగతంటారా, మా ఇంట్లో ముట్టకూడని వస్తువుల్లో కోడిగుడ్డు ఉండేది, పుట్టగొడుగు ఉండేది. వైన్ లేదు. ఆ వరసలో నిలబడేంత పరిచయం కూడా దానికి మా ఇంటితో లేదు.

అలాంటిదాన్ని, ఒకరోజు వాన తప్పించుకోవడానికి సందులో ఉన్న ఒక వైన్ కొట్లోకి దూరాను. లోపల ఇద్దరు పెద్దమనుషులు ఒక గ్లాసు మధ్యలో పెట్టుకుని వాదించుకుంటున్నారు. ఒకాయన కొట్టు యజమాని. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, పొడుగ్గా, మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెటరులో ఉన్నాడు. రెండో ఆయన రిటైరైన పోలీసు, అంటే ఇక్కడి మాటలో గార్డు. గార్డుగారు ముందురోజు కొన్న సీసా వెనక్కి తెచ్చాడు.

"ఇందులో ఏదో తేడాగా ఉందయ్యా."

"తేడా ఏముంది? గ్రాండ్‌గా ఉంది," అన్నాడు యజమాని, గ్లాసులో ముక్కు దాదాపు ముంచేసి.

వాన తగ్గేదాకా కదలకుండా నిలబడ్డ నన్ను చూసి, గార్డుగారు గ్లాసు నావైపు చాచాడు. "ఈ అమ్మాయిని అడుగుదాం. నువ్వు చెప్పమ్మా."

నేను తీసుకుని వాసన చూశాను. చూడగానే మా ఊళ్ళో వరదలప్పుడు తడిసిపోయిన బియ్యం బస్తాలు గుర్తొచ్చాయి. "తడిసిన గోనెసంచి వాసన వస్తోందండి," అన్నాను. (ఇంగ్లీషులో 'అండి' లేదు కాబట్టి ప్రతి మాటకీ 'సార్' తగిలించేదాన్ని. దానివల్ల నేను మాట్లాడితే ఆర్మీలో ఉన్నట్టుండేది.)

యజమాని నా మొహంలోకి చాలాసేపు చూశాడు. సీసా బిరడా చెడిపోతే సరిగ్గా ఆ వాసనే వస్తుందట. గార్డుగారికి కొత్త సీసా ఇచ్చి పంపేసి, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగాడు: "నీకు వైన్ గురించి తెలుసా?"

"వాసన తెలుసు సార్," అన్నాను. నిజమే కదా. తాగుతావా అని ఆయన అడగలేదు. తాగనని నేను చెప్పలేదు. సోమవారం నుంచి ఉద్యోగంలో చేరిపోయాను.

ఆయనకి మేం పెట్టుకున్న పేరు గ్రాండ్ గారు. ఏం జరిగినా ఆయన నోట ఆ ఒక్క మాటే (ఇక్కడ దానికి 'బాగానే ఉంది, పర్లేదు' అని అర్థం) వచ్చేది. వాన పడితే గ్రాండ్, ఆగితే గ్రాండ్, గాజు పగిలితే కూడా "ఇట్స్ గ్రాండ్, ఇట్స్ గ్రాండ్" అంటూ చీపురు తెచ్చేవారు. మావారికి ఉద్యోగం సంగతి చెబితే "మా అమ్మకి ఏం చెబుతావ్?" అన్నారు. మా అత్తగారికి ఫోన్లో ద్రాక్షల కొట్లో పని దొరికిందని చెప్పాను. "ఒక్క ద్రాక్షలకే కొట్టేమిటే అమ్మాయ్, అరటిపళ్ళు పెట్టరూ?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. అది కూడా అడగని నిజం చెప్పకపోవడమే.

పనిలో చేరాక నాకు పరీక్షలాంటి ఘట్టం ఒకటుండేది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా గ్రాండ్ గారు రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, తను తాగకుండా నావైపు తిరిగి, "ముందు నువ్వు చెప్పు," అనేవారు. నేను గ్లాసు గిరగిరా తిప్పి, వాసన పీల్చి, "పచ్చి మామిడికాయ, కొత్త సుద్దముక్క" లాంటివేవో చెప్పేదాన్ని. ఆయన బుద్ధిగా చిన్న పుస్తకంలో రాసుకునేవారు. తర్వాత నేను గ్లాసు పట్టుకుని వెనకగదిలో సింకు దగ్గరికి వెళ్ళి, మొత్తం ఒంపేసి, పుక్కిలించిన చప్పుడు చేసి, పెదాలు తుడుచుకుంటూ వచ్చేదాన్ని. (వైన్ రుచి చూసేవాళ్ళు మింగకుండా ఉమ్మేయాలని తెలిసిన రోజున నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. ఒక వృత్తి మొత్తం నా కోసమే ఆ నియమం పెట్టుకున్నట్టు అనిపించింది.) ఆయన ముందు నన్నే చెప్పమనడం చూసి, ఎంత గొప్ప గురువో, శిష్యురాలిని తయారుచేస్తున్నారని పొంగిపోయేదాన్ని. ఆ ముందుకి వెనక ఇంకో కారణం ఉండొచ్చని నాకు తట్టనేలేదు. ఎదుటివాళ్ళు కూడా అడగని నిజాలు చెప్పకుండా ఉంటారని ఆ వయసులో ఎవరనుకుంటారు?

ఆ ఏడాది వేసవి మొదట్లో మా కొట్టు ముందు ఒక తెల్ల వ్యాను ఆగింది. అందులోంచి యాభై ఏళ్ళావిడ దిగి, మగవాళ్ళలాగా భుజం మీద పెట్టె మోసుకొచ్చింది. ఆవిడది పోర్చుగల్ ఉత్తరాన వానలు బాగా పడే ప్రాంతం. అక్కడ వాళ్ళ తమ్ముడికి ద్రాక్షతోట ఉంది. ఈవిడ ఐర్లండ్ మనిషిని చేసుకుని ఇక్కడే స్థిరపడి, తమ్ముడి వైన్ వ్యానులో ఊరూరా తిప్పి అమ్ముతుంది. నేను మనసులో వ్యానక్క అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ తెచ్చింది తెల్ల వైన్, పేరు విన్యో వెర్డె. వెర్డె అంటే ఆకుపచ్చ.

గ్రాండ్ గారు నిట్టూర్చారు. "ఇది కొన్నవాళ్ళు సగంమంది ఆకుపచ్చగా లేదని వెనక్కి తెస్తారు."

"రంగు కాదయ్యా! లేతది అని అర్థం. ముదరనివ్వకుండా తాగేది," అని వ్యానక్క చేతులు తిప్పుతూ వివరించబోయింది.

"పచ్చి!" అన్నాను నేను, తెలుగులోనే. మామిడికాయ ఏ రంగులో ఉన్నా పండకపోతే పచ్చిదే. మాకు ఈ మాటలో ఎప్పుడూ గందరగోళం లేదని వాళ్ళిద్దరికీ చెప్పాను. వ్యానక్కకి ఆ మాట ఎంత నచ్చిందంటే, "పాచీ, పాచీ" అని పలుకుతూ ఇంకో పెట్టె దింపింది. (పాచి అంటే మాలో ఇంకో అర్థముందని చెప్పడానికి మనసొప్పలేదు.) వాళ్ళ ఊళ్ళో తీగల్ని ఎత్తుగా పందిళ్ళ మీదికి పాకించి, కింద కూరగాయలు వేసుకుంటారట. మా బీరపందిరి కింద వంగమొక్కలు వేసినట్టే. గ్లాసులో పోస్తే లేత గడ్డిరంగులో, సన్నసన్నగా బుడగలు లేచాయి. వాసన చూశాను. నిమ్మపువ్వు. దాని వెనకాల, పొద్దున్నే ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగితే గొంతులో మిగిలే చల్లదనం. అదే చెప్పాను. వ్యానక్క నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

ఇంతకీ దీంతో ఏం తినాలి? మొదట అడిగింది గార్డుగారే. వ్యానక్క తమ ఊళ్ళో నిప్పుల మీద కాల్చిన చేపలంది. ఆయన ఇంట్లో అంత ఓపిక లేదన్నాడు. భార్య పోయాక వంట పెద్దగా చెయ్యడని అప్పటికే నాకు తెలుసు. నేను కాస్త ఆలోచించి, "మీ ఇంట్లో చిప్స్ ప్యాకెట్టుంటుంది కదా సార్, అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కొంచెం కొత్తిమీర వేసి, నిమ్మకాయ పిండుకుని తినండి," అన్నాను. కాకినాడ బీచిలో మరమరాలకి చేసే మర్యాదే అది. రెండురోజుల తర్వాత ఆయన వచ్చి, పెద్దమనిషి తరహాలో టోపీ తీసి, ఇంకో రెండు సీసాలు అడిగాడు. "నలభై ఏళ్ళుగా చిప్స్ తింటున్నా. అవి వంట అని ఇప్పుడే తెలిసింది," అన్నాడు. అది ఊళ్ళో పాకి, 'ఆ కొట్లో ఒక భారతీయురాలుంది, చాలా గొప్ప ముక్కట' అనే మాట పుట్టింది. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా పొంగిపోయి, వెంటనే వెనకగది తలుపు వేసి ఉందో లేదో చూసుకునేదాన్ని.

ఒకరోజు వ్యానక్క మొహం వేలాడేసుకుని వచ్చింది. మిగతా ఊళ్ళలో ఎవరూ ఈ వైన్ తీసుకోవడం లేదు. పెట్టెలు గోడౌనులో ముదిరిపోతున్నాయి. ఇలాగే ఉంటే తమ్ముడు ఈ దేశానికి పంపడం మానేస్తానంటున్నాడు. గ్రాండ్ గారు శనివారం సాయంత్రం కొట్లోనే ఒక విందు పెడదామన్నారు. ఊళ్ళో తెలిసినవాళ్ళని, ముఖ్యంగా నది ఒడ్డున హోటల్ నడిపే ఆవిడని పిలుద్దామన్నారు. హోటలావిడ మెనూలో పెట్టిందంటే ఊరు మొత్తం తాగినట్టే. "వైన్ నాది, తిండి మా అమ్మాయిది," అన్నారు. ఆ రోజు ఆయన గొంతులో ఎప్పుడూ లేని ఆత్రం వినిపించింది. తర్వాత మెల్లగా ఇంకోమాట అన్నారు: "ఇదీ పోతే నేను కూడా తలుపులు మూసేస్తానేమో." ఆ మాట చివర గ్రాండ్ అని లేకపోవడంతో నాకు భయమేసింది.

శనివారం ఎండ కాసింది. (ఐర్లండులో ఎండ కాస్తే జనం ముందు ఆకాశం వైపు అనుమానంగా చూసి, ఆ తర్వాత స్వెటర్లు విప్పుతారు.) గ్రాండ్ గారు గోధుమ రొట్టె మీద పొగబెట్టిన చేప ముక్కలు, మేకపాల చీజ్ సర్దారు. నేను నిమ్మకాయ పులిహోర చేసి తెచ్చాను. దోసకాయ చక్రాల మీద వేయించిన వేరుశనగ పొడి చల్లాను. అసలు సంగతి మాత్రం వెనకగదిలో చిన్న కరెంటు పొయ్యి మీద జరుగుతోంది: మిరపకాయ బజ్జీలు. డబ్లిన్ నుంచి తెప్పించిన లావు మిరపకాయలకి గింజలు తీసి, వాము, చింతపండు కూరి, శనగపిండిలో ముంచి వేయించి, పొట్ట చీల్చి, ఉల్లిపాయ ముక్కలు పెట్టి నిమ్మరసం పిండాలి. ఈ వైన్‌లో మత్తు తక్కువ, పులుపు ఎక్కువ, బుడగలున్నాయి. కారం తిన్న నోటికి ఇంతకన్నా మంచి స్నేహితుడు దొరకడని నా ముక్కు నాకు చెప్పింది. నోరు చెప్పలేదు. దానికి తెలీదు కదా.

వ్యానక్క మూడు పింగాణీ జగ్గులు తెచ్చింది. తెల్లవి, నీలం పువ్వులవి. వాళ్ళ ఊళ్ళో ఈ వైన్‌ని సీసాలోంచి కాకుండా జగ్గులోంచే పోస్తారట. రెండిటిలో వైన్ నింపి, మూడోది ఖాళీగా ఉంచారు. అది చూసి నాకు వచ్చిన ఆలోచన ఎంత తెలివైందనిపించిందో ఇప్పటికీ గుర్తు. ఇరవైమంది ముందు మాటిమాటికీ సింకు దగ్గరికి పరిగెత్తలేను. వాళ్ళ మధ్య నిలబడి తాగుతూ కనిపించాలి. వైన్ ఏమో లేత రంగు, సన్న బుడగలు. నిమ్మసోడా కూడా లేత రంగు, సన్న బుడగలు! మూడో జగ్గులో చల్లటి సోడా పోసి, పల్చగా నిమ్మరసం పిండి, ఉప్పు, రెండు చెంచాల పంచదార వేసి కలిపి, వెనకగది ఫ్రిజ్‌లో దాచుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ గ్లాసు నింపుకుని, అందరి మధ్యా నిలబడి, కళ్ళు మూసుకుని మరీ చప్పరించాను.

మొదటి విడత బ్రహ్మాండంగా జరిగింది. రొట్టె, చేప, పులిహోర, అన్నీ ఖాళీ అవుతున్నాయి. హోటలావిడ మాత్రం ఏమీ తేలనివ్వకుండా తిరుగుతోంది. బజ్జీలు వేడివేడిగా పెట్టాలని నేను వెనకగదిలోకి వెళ్ళాను. నా దృష్టంతా నూనె మీద ఉండగా, గ్రాండ్ గారు లోపలికొచ్చి ఫ్రిజ్ తీసిన చప్పుడైంది. తల తిప్పలేదు. పళ్ళెం నిండా బజ్జీలతో బయటికొచ్చేసరికి, ఆయన నీలం పువ్వుల జగ్గు పట్టుకుని అందరికీ రెండో విడత పోస్తున్నారు.

గార్డుగారు బజ్జీ కొరికాడు. మొహం ఎర్రబడి, కళ్ళమ్మట నీళ్ళు తిరిగి, గ్లాసందుకుని గటగటా తాగాడు. "ఓహో! మొదటిదానికన్నా ఇదే బావుంది. ఇందులో సముద్రం ఉంది!" అన్నాడు.

హోటలావిడ ఒక గుక్క తాగి, తల పక్కకి వంచింది. "అవును. చివర్లో ఉప్పగా తగులుతోంది. ఎంత శుభ్రంగా ఉందో!"

నాకు అప్పటికీ అర్థం కాలేదు. వంటింటి ఆవిరిలో ఉన్నానేమో, సముద్రం ఎక్కడిదా అనుకుంటూ వెనక్కి చూశాను. ఫ్రిజ్ తలుపు సందులోంచి నా జగ్గు పెట్టిన చోటు బోసిగా కనిపించింది. పళ్ళెం పక్కనున్న బల్ల మీద పెట్టేశాను. అదే సమయానికి వ్యానక్క తన గ్లాసు ఎత్తింది. తాగింది. గ్లాసు కేసి చూసింది. జగ్గు కేసి చూసింది. తర్వాత నెమ్మదిగా నా కేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. తమ్ముడి తోటలో ఎన్నడూ పండనిదాన్ని గుర్తుపట్టిన చూపు అది. చెప్పడమా మానడమా నాకే వదిలేసింది.

చెప్పకపోతే? ఎవరికీ తెలీదు. హోటలావిడ అక్కడికక్కడే ఒప్పుకునేలా ఉంది. కాని రేపు ఆవిడ హోటల్లో సీసా తెరిస్తే అందులో ఉప్పుండదు, సముద్రముండదు. ఆవిడ వ్యానక్కని అబద్ధాలకోరు అనుకుంటుంది. నేనిలా గింజుకుంటుండగానే గ్రాండ్ గారు గర్వంగా నా భుజం మీద చెయ్యి వేశారు. "మా కొట్టు ముక్కు ఇదిగో! చెప్పమ్మా, ఇందులో నీకేం తెలుస్తున్నాయి?"

అందరూ నావైపు తిరిగారు.

"నిమ్మకాయ సార్."

"అవునవును," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"ఉప్పు."

"నేనన్నానా!" అన్నాడు గార్డుగారు.

"సోడా."

కొంతమంది నవ్వారు. చమత్కారమనుకున్నారు.

"పంచదార, రెండు చెంచాలు. ఇది వైన్ కాదండీ. నా నిమ్మసోడా. నేను వైన్ తాగను. ఇప్పటిదాకా ఒక్క చుక్క కూడా తాగలేదు. వాసన మాత్రమే చూస్తాను. మిగతాదంతా సింకులో పోస్తాను."

ఉద్యోగం పోయిందనుకున్నాను. అంతకన్నా, ఆయన పరువు తీశాననుకున్నాను. మెల్లగా అందరి కళ్ళూ నా మీంచి గ్రాండ్ గారి మీదికి మళ్ళాయి. ముప్ఫై ఏళ్ళుగా వైన్ అమ్ముతున్న మనిషి, నిమ్మసోడా జగ్గు మోసుకుని గదంతా తిరిగాడు. నిమ్మకాయ వాసన ఎలా తెలియలేదు? ఆయన కావాలంటే నన్ను తిట్టి తప్పించుకోవచ్చు. అలా చెయ్యలేదు. జగ్గు జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

"నాకు తెలిసే అవకాశం లేదు," అన్నారు. "రెండు చలికాలాల కిందట జ్వరం వచ్చి, పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది. అప్పటినుంచి నాకు ఏ వాసనా లేదు. రొట్టె కాలుతున్నా తెలీదు. ఈ పిల్ల చెప్పేది పుస్తకంలో రాసుకుని, దాన్నే మీకందరికీ చెబుతూ వచ్చాను."

ముందు నువ్వు చెప్పు, ముందు నువ్వు చెప్పు అని ఆయన అన్న ప్రతిసారీ ఒక్కసారిగా నా చెవుల్లో మోగింది. గొప్ప గురువనుకున్నాను. పాపం, ఆయనేమో నేను గొప్ప తాగుబోతుననుకున్నారు!

గార్డుగారు ఒకడుగు ముందుకొచ్చాడు. "మీ ఇద్దరికీ ఏదో ఒక సాకుంది. నాకు ముక్కుంది, నాలుకుంది, తాగే అలవాటూ ఉంది. నేనేగా ఇందులో సముద్రం ఉందన్నది?"

మొదట హోటలావిడ నవ్వింది. పక్కనే నవ్వు ఆపుకుంటున్నవాళ్ళు పగలబడి నవ్వారు. గ్రాండ్ గారు బల్ల పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. నేనేమో నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తేలడం లేదు. వ్యానక్క అందరి గ్లాసుల్లోని నా నిమ్మసోడాని తాగించేసి (పారబొయ్యడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు), అసలు వైన్ పోసి, ఒక గ్లాసు నా చేతిలో పెట్టింది. "తాగొద్దు. వాసన చూసి చెప్పు. ఈసారి అందరి ముందూ."

నేను కళ్ళు మూసుకుని పీల్చాను. "నిమ్మపువ్వు. వానలో తడిసిన రాయి. ఇంకోటుంది, బిర్యానీ ఆకు."

"అదేమిటి?"

ఎలా చెప్పాలో తెలియక వెనకగదిలోకి పరిగెత్తి, గ్రాండ్ గారి ప్రెస్‌లోంచి (అలమరాని ఇక్కడ ప్రెస్ అంటారు, మొదట్లో ఇస్త్రీపెట్టె కాబోలనుకునేదాన్ని) ఆయన సూపులో వేసుకునే ఆకు ఒకటి తెచ్చి చూపించాను. అది మా బిర్యానీ ఆకు కాదు, దాని దాయాది, వాసన మాత్రం సరిగ్గా ఇదే. వ్యానక్క ఆ ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని గాలిలో ఊపింది. వాళ్ళ తమ్ముడి తోటలోని ద్రాక్ష రకానికి ఈ ఆకు చెట్టు పేరే పెట్టారట! అది తాను ఎవరికీ చెప్పలేదని, కావాలంటే ప్రమాణం చేస్తానని గది మొత్తానికి వినబడేలా అరిచింది. మిగిలిన బజ్జీలు ఆ తర్వాత ఎంతోసేపు లేవు. కారం, పుల్లటి చల్లటి వైన్, మళ్ళీ కారం. హోటలావిడ వెళ్ళేముందు వ్యానక్కతో, తన మెనూలో దానికి చోటిస్తానంది. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఆ సోడా ఎలా కలిపావో కూడా రాసివ్వు," అంది.

ఇంటికెళ్ళి మావారికి అంతా చెప్పాను. పాపం, రెండు డ్యూటీలు వరసగా చేసి వచ్చిన మనిషి, సోఫాలో పడి నవ్వీ నవ్వీ దగ్గొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక డాక్టరయ్యారు. "ముక్కు పోయిందని వదిలెయ్యకూడదోయ్. రోజూ రెండుపూటలా నాలుగు గాఢమైన వాసనలు పట్టించాలి. తిరిగొస్తుందని గట్టిగా చెప్పలేం. కాని కొంతమందికి వస్తుంది."

"ఏం వాసనలండీ?"

"నువ్వే చూడు. గొప్ప ముక్కున్నదానివి కదా."

నాలుగు చిన్న సీసాలు సిద్ధం చేశాను. లవంగాలు, నిమ్మతొక్క, కాఫీ పొడి, ఇంగువ. పొద్దున్న కొట్టు తెరవగానే ఒకసారి, మూసేముందు ఒకసారి గ్రాండ్ గారు బడిపిల్లాడిలా కుర్చీలో కూర్చుని, ఒక్కో సీసా పీల్చి, "ఏమీ లేదు, గ్రాండ్," అనేవారు. వేసవి అయిపోయింది. ఆకులు రాలాయి. ఆయన ముక్కు దగ్గర ఏ కబురూ లేదు. నాకే నిరాశ పుట్టి మానేద్దామంటే, "నువ్వు కష్టపడి తెచ్చావుగా, ఉండనీ," అనేవారు. నవంబరులో ఒకరోజు పొద్దున్నే, నేనింకా ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది.

"అమ్మాయ్, వెంటనే రా. కొట్లో ఏదో చచ్చింది."

చలికోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా పరిగెత్తాను. ఆయన గది మధ్యలో నిలబడి ఉన్నారు. బల్ల మీద ఇంగువ సీసా మూత లేకుండా ఉంది.

"ఇదా? ఇన్నాళ్ళూ నువ్వు నాతో పీల్పిస్తున్నది ఇదా?" అన్నారు. "ఎంత ఘోరంగా ఉంది! దేవుడా, ఎంత ఘోరంగా ఉందో!" అంటూనే మళ్ళీ వంగి పీల్చారు. మళ్ళీ. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే ఇంగువ ఘాటన్నారు. నేనూ అదే అన్నాను. మిగతా వాసనలు తర్వాత ఒక్కొక్కటే, మొహమాటపడుతూ వచ్చాయి. కొన్ని రానేలేదు.

ఇంకో రెండేళ్ళకి మావారికి డబ్లిన్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి మేం దానికి దగ్గర్లో ఉన్న నేస్ అనే ఊరికి మారిపోయాం. కొట్లో నా ఆఖరి రోజున గ్రాండ్ గారు విన్యో వెర్డె సీసా తెరిచి, రెండు గ్లాసుల్లో పోశారు. ఈసారి ముందు ఆయనే వాసన చూసి, "నిమ్మపువ్వు, కొంచెంగా," అన్నారు. తర్వాత నావైపు చూశారు. తాగమని అడగలేదు. అడగలేదు కాబట్టే కాబోలు, నేను గ్లాసెత్తి ఒక గుక్క మింగాను. జీవితంలో మొదటి గుక్క. పుల్లగా, చేదుగా, ముక్కులోకి బుడగలు తన్ని, నా మొహం ఎలా ముడుచుకుపోయిందో ఆయన మొహంలోనే కనిపించింది.

"ఎలా ఉంది?"

"అస్సలు బాలేదు సార్," అన్నాను. రెండున్నరేళ్ళుగా ఊరందరికీ అంతగా ఊరించి అమ్మినదాన్ని, నిలబడి ఆ మాట అన్నాను. ఆయన నవ్విన నవ్వుకి బయట సందులో వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు.

ఇది జరిగి పన్నెండేళ్ళు దాటింది. మా అమ్మాయికి పదేళ్ళు, ఈ కథ చెబితే అచ్చం ఇక్కడి పిల్లల యాసలో, "అమ్మా, యూ వర్ ఏ టోటల్ చాన్సర్!" అంటుంది (మాయచేసి నెట్టుకొచ్చేవాళ్ళని ఇక్కడ చాన్సర్ అంటారు). కాదని అనలేను. పెదాలు తుడుచుకుంటూ వెనకగదిలోంచి వచ్చే ఆ పాతికేళ్ళ పిల్ల ఒక్కోసారి నా కళ్ళ ముందు నిలబడుతుంది. ఎంత ధీమా దానికి! పిలిచి కూర్చోబెట్టి, ఒసేయ్ పిచ్చిమొహమా, ఆ జగ్గు మీద ఒక చీటీ అంటించుకోవే, అని చెప్పాలనిపిస్తుంది. అంతలోనే ఇంగువ సీసా గుర్తొచ్చి, వద్దులే, చెప్పకూడదు, అని ఊరుకుంటాను.